గ్రానైట్ పలకలు లేపడానికి ఏది మంచిది: క్లాంపా, బెల్టులా, వాక్యూమా, హైడ్రానా?

మాది ఖమ్మం దగ్గర చిన్న గ్రానైట్ షాపు, వెనకాల కటింగ్ యార్డు ఉంది. కొత్తగా షాపు పెట్టేవాళ్లు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, సైట్ కాంట్రాక్టర్లు అందరూ అడిగేది ఒకటే, పలకలు లేపడానికి ఏది తీసుకుంటే మంచిది అని. ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే నున్నగా పాలిష్ చేసిన రాయికి పనికొచ్చేది తాండూరు బండకి పనికిరాదు, యార్డులో బ్రహ్మాండంగా పనిచేసేది రెండో అంతస్తు వంటింట్లోకి అసలు పోదు. అందుకే వివరంగా రాస్తున్నా, పొడుగ్గా ఉందనుకోకుండా కొనేముందు చదవండి.

ముందు బరువు లెక్క

గ్రానైట్ ఘనపు మీటరుకి సుమారు 2,700 కేజీలు. మన పనికి తగ్గట్టు చెప్పాలంటే 18 ఎంఎం పలక చదరపు అడుక్కి నాలుగున్నర కేజీలు, 20 ఎంఎం అయితే 5 కేజీలు, 30 ఎంఎం అయితే ఏడున్నర. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి నల్లరాళ్లు ఇంకొంచెం ఎక్కువే తూగుతాయి.

ఇప్పుడు మీ పలకని లెక్కేసుకోండి. 8 అడుగుల పొడవు 2 అడుగుల వెడల్పు వంటగట్టు పలక 18 ఎంఎంలో 72 కేజీలు. 9 అడుగులు 6 అడుగుల పెద్ద పలక 243 కేజీలు, అంటే దాదాపు ఐదు సిమెంటు బస్తాలు ఒకే ముక్కగా, పట్టుకోడానికి పిడి కూడా లేకుండా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగమనిషి మోసే బరువు 55 కేజీలు దాటకూడదని చెప్పింది, అమెరికాలో పని భద్రత చూసే నియోష్ సంస్థ 1991లో వేసిన లెక్కలో అయితే అన్నీ అనుకూలంగా ఉన్నా సరే 23 కేజీలే. 72 కేజీలు నలుగురు పంచుకుంటే తలా 18 కదా అనిపిస్తది, సాపు నేల మీద అది నిజమే, మెట్లెక్కేటప్పుడు మాత్రం కింద ఉన్న ఇద్దరి మీదే ఎక్కువ బరువు పడుద్ది.

బరువు కంటే ఎక్కువ మంది పట్టించుకోనిది ఒరగడం. నిలబెట్టిన 243 కేజీల పలక నిలువు నుంచి 10 డిగ్రీలు ముందుకి ఒరిగితే పై అంచు దగ్గర ఆపడానికి సుమారు 21 కేజీల బలం చాలు, ఒక మనిషి ఆపగలడు. అదే 30 డిగ్రీలు ఒరిగితే 60 కేజీలు దాటుద్ది. అది కూడా కదలకుండా నిలబడి ఉన్న పలకకి, పడతా ఉన్నదానికి ఇంకా ఎక్కువ. ఐదు పలకలు కలిసి ఒరిగితే 10 డిగ్రీల దగ్గరే క్వింటా దాటిపోద్ది. చెయ్యి అడ్డం పెడితే ఆగుద్దిలే అనుకునే టైమ్ రెండు క్షణాలు కూడా ఉండదు, అందుకే పలక పడతా ఉంటే వదిలేసి పక్కకి దూకమని మా కుర్రాళ్లకి మొదటి రోజే చెప్తా. రాయి పోతే ఇంకోటి కోసుకోవచ్చు.

ఏం చూసి ఎంచుకోవాలి

నా వరకు నాలుగు ప్రశ్నలు. రాయి ముఖం ఎలా ఉంది, నున్నగానా గరుకుగానా, తడిగానా దుమ్ముగానా? పలక నిలువుగా మొదలై నిలువుగానే ఆగుద్దా, లేక పడుకోబెట్టాలా? దారిలో మెట్లు, గడపలు, మలుపులు ఎన్ని? ఇక నాలుగోది, అన్నిటికంటే పెద్దది, పట్టు జారితే పలక ఎటు పడుద్ది, ఆ పడే చోట ఎవరుంటారు? ఆరడుగుల ఎత్తు పలక నిలబడి ఉంటే రెండు వైపులా ఆరడుగుల దాకా అది పడే జాగానే. ఏ సామాను కొన్నా ఆ జాగాలో మనిషి నిలబడాల్సి వస్తే ఆ సామాను మీ పనికి సరిపోలేదనే అర్థం.

| పద్ధతి | ఎంత బరువుకి | ఏ రాయికి | ఎక్కడ దెబ్బ తింటది |
|---|---|---|---|
| చేతి క్లాంపులు, ట్రాలీ | 100 కేజీల లోపు | ఏ రాయికైనా | మెట్లు, ఎత్తు పల్లాలు |
| చేతి సక్షన్ కప్పులు | చిన్న ముక్కలు, ఫిట్టింగ్ | పాలిష్ రాయికే | దుమ్ము, తడి, గరుకు |
| బెల్టులు | టన్నుల దాకా | ఏ రాయికైనా | పదునైన అంచులు |
| కత్తెర క్లాంప్ | దాని మీద రాసినంత | మందం సరిపోయిన ఏ రాయైనా | పలక దేనికైనా తగిలి బరువు తేలితే |
| వాక్యూమ్ లిఫ్టర్ | దాని మీద రాసినంత | నున్నటి, సందుల్లేని రాయి | గాలి లీకు, కరెంటు |

చేతులతోనే మోయాల్సి వస్తే

మన దగ్గర ఇప్పటికీ సగం పని ఇట్టాగే జరుగుద్ది, వద్దన్నా జరుగుద్ది, కాబట్టి కనీసం సరిగ్గా చెయ్యాలి. రెండు చేతి క్లాంపులు ఒక జత తీసుకోండి, రబ్బరు దవడలు ఉంటాయి, పిడి పట్టుకుని లేపగానే రాయి బరువుకే బిగుసుకుంటాయి. వీటివల్ల పెద్ద లాభం వేళ్లు. వట్టి చేతులతో మోసేటప్పుడు లేపేప్పుడు ఏం కాదు, దించేప్పుడే కింద వేళ్లు ఇరుక్కుంటాయి, మా మేస్త్రీల్లో గోరు పోనివాడు లేడు.

పలకని ఎప్పుడూ నిలువుగా, అంచు మీదే మోయాలి. పడుకోబెట్టి మోస్తే మధ్యలో దాని బరువుకే విరుగుద్ది, సింకు కోసం కోసిన పలక అయితే ఇంకా ఘోరం, ముందూ వెనకా మిగిలేది రెండు మూడు అంగుళాల పట్టీయే కదా. ఆ పట్టీకి చెక్క బద్దో అల్యూమినియం యాంగిలో పెట్టి బిగించి మోయండి, లేదంటే గట్టు మీద కూర్చోబెట్టాకే సింకు కోయించండి, దుమ్ము లేస్తదని గొడవ పడతారు గానీ పలక మిగులుద్ది.

రెండు చక్రాల ట్రాలీ చవకలో వచ్చే మంచి సామాను. పలక మధ్యలో అంచు కింద పెట్టి ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే బరువు చక్రాల మీద ఉంటది, మనుషులు ఒరక్కుండా చూస్తే చాలు. యార్డు నేల గుంతలుంటే మాత్రం దీన్ని నమ్మొద్దు.

పై అంతస్తు వంటగట్టుకి నా సలహా వేరే, సామాను కాదు, పలకనే రెండు ముక్కలు చెయ్యండి. సింకు దగ్గరో స్టవ్ దగ్గరో జాయింట్ ఇస్తే 72 కేజీలు రెండు 36లు అవుతాయి. జాయింట్ కనపడుద్దని ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఆడవాళ్లయితే అసలు ఒప్పుకోరు. కానీ సింకు మధ్యలో ఇచ్చిన జాయింట్ బయటికి కనపడేది ముందు మూడంగుళాలు, వెనక మూడంగుళాలు, రంగు కలిపిన ఎపాక్సీ పెడితే దగ్గరికొచ్చి చూస్తేనే తెలుస్తది. ఇరుకు మెట్ల మీద నలుగురు మనుషులు ఊపిరి బిగబట్టి మలుపు తిప్పేది ఒకసారి దగ్గర నిలబడి చూస్తే మీరే ఒప్పుకుంటారు.

సక్షన్ కప్పులు

పంపు నొక్కి అతికించేవి. ఫిట్టింగ్‌లో పలకని అంగుళం అటూ ఇటూ జరపడానికి వీటిని మించింది లేదు. మంచివాటిల్లో పంపు కడ్డీ మీద ఎర్ర గీత ఉంటది, గాలి లోపలికి పోతే ఆ గీత బయటికి వస్తది, వస్తే మళ్లీ నొక్కాలి. అది లేని చవక రకం, మీట తిప్పి అతికించేవి, టైల్స్‌కి పర్లేదు, పలకకి వద్దు. అతికించేముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, కటింగ్ దుమ్ము మీద పెడితే రబ్బరుకీ రాయికీ మధ్య సందు ఉండిపోయి మెల్లగా జారుద్ది. లెదర్ ఫినిష్ (తోలులా గరుకుగా ఉండేది), ఫ్లేమ్డ్ రాయి (మంటతో గరుకు చేసింది), తాండూరు, బేతంచర్ల బండలు సహజ ముఖంతో ఉంటే వీటిని ముట్టుకోవద్దు.

బెల్టులు

పాలిస్టర్ బెల్టులకి రంగుల లెక్క ఉంది, యూరప్ ప్రమాణం ప్రకారం ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2 టన్నులు, పసుపు 3 టన్నులు. రంగు చూసి మోసపోకుండా మీద కుట్టిన లేబుల్ చదవండి. లేబుల్ చిరిగి పోయిందంటే ఆ బెల్టు పని అయిపోయినట్టే, ఎంత గట్టిగా కనపడినా సరే.

బెల్టుకి శత్రువు రాయి అంచు. గ్యాంగ్‌సా (బ్లాకుని పలకలుగా కోసే పెద్ద రంపం) నుంచి వచ్చిన పలక అంచు చెయ్యి పెట్టి చూడండి, రంపంలా ఉంటది. మేము పాత ఫైర్ హోస్ పైపుని చీల్చి అంచుల మీద తొడుగుతాం, బజారులో దొరికే మూల ప్యాడ్లు కూడా ఉన్నాయి. ఏదో ఒకటి పెట్టకుండా లేపితే రెండో మూడోసారికి అంచు దగ్గర దారాలు తెగటం మొదలవుద్ది. ముడి వేసి పొట్టి చెయ్యడం కూడా వద్దు, ముడి దగ్గర బలం బాగా పడిపోద్ది.

ఇంకోటి కోణం. రెండు బెల్టులతో ఒక టన్ను కట్ట లేపుతున్నారనుకోండి, హుక్కు దగ్గర బెల్టుల మధ్య కోణం 60 డిగ్రీలుంటే ఒక్కో బెల్టు మీద సుమారు 580 కేజీలు పడుద్ది. పొట్టి బెల్టులు వాడి కోణం 120 డిగ్రీలు చేస్తే ఒక్కోదాని మీద పూర్తి టన్ను. అదే కట్ట, అవే బెల్టులు. కాబట్టి పొడుగు బెల్టులు కొనండి.

బెల్టుల అసలు ఇబ్బంది దించాక వస్తది. పలకని నేల మీదికి దించితే బెల్టు కింద ఇరుక్కుంటది, దాన్ని లాగడానికి గడ్డపారతో పలక లేపుతారు, అక్కడే కాళ్ల మీద పడేది. దించే చోట ముందే రెండు చెక్క దుంగలు పెట్టి ఉంచండి, బెల్టు దానంతటదే జారి వస్తది. పలకలు ఒక్కోటి విడదీసి రోజంతా లేపే పనికి బెల్టులు సరిపోవు, ప్రతిసారీ తొడగడం విప్పడం, పలకల మధ్య చెయ్యి దూర్చడం, మనిషి అలిసిపోతాడు. కట్టలు దించడానికీ మెట్ల బండలకీ గడప బండలకీ బెల్టులే బెస్ట్.

కత్తెర క్లాంప్

స్లాబ్ లిఫ్టర్ అని షాపుల్లో అడిగితే ఇచ్చేది ఇదే. రెండు దవడలు, లోపల రబ్బరు, పైన కొక్కెం. పలక ఎంత బరువుంటే అంత గట్టిగా పట్టుద్ది, కరెంటు అక్కర్లేదు, తాండూరు బండైనా పాలిష్ గ్రానైటైనా తేడా లేదు. చిన్న, మధ్యరకం యార్డుకి నేను మొదట చెప్పేది ఇదే.

కొనేముందు మందం చూడండి, ఎన్ని ఎంఎం నుంచి ఎన్ని ఎంఎం దాకా పట్టుద్దో దాని మీదే ఉంటది. 18 ఎంఎం పలకలకి తీసుకున్న క్లాంప్‌తో 2 అంగుళాల మెట్టు బండ లేపాలని చూస్తే దవడ సగమే కూర్చుంటది. రెండు పలకలు కలిపి అసలు లేపొద్దు, బయట రెండు ముఖాలకే రబ్బరు పట్టు ఉంటది, లోపల నున్నటి రాయి మీద నున్నటి రాయి, మధ్యలో నుంచి ఒకటి జారుద్ది.

దీని గుట్టు ఏంటంటే పట్టు మొత్తం బరువు మీదే ఆధారపడి ఉంటది. గాల్లో ఉన్న పలక దారిలో స్టాండ్‌కో ఇంకో పలకకో తగిలి ఆనుకుందంటే బరువు తేలిపోద్ది, దవడ వదులవుద్ది. అందుకే నేల నుంచి జానెడు ఎత్తులోనే తీసుకెళ్లాలి, అంచుకి తాడు కట్టి దూరం నుంచి నడిపించాలి, ఆపరేటర్ మెల్లగా పోవాలి. పలక మధ్యభాగం కొలిచి సుద్దతో గీత పెట్టి అక్కడే క్లాంప్ వెయ్యండి, మొదట రెండంగుళాలు లేపి ఆపి చూడండి, ఒక పక్కకి వాలితే దించి మళ్లీ వెయ్యాలి. తడి పలకని దవడ పడే చోట తుడవాలి. రబ్బరు గాజులా గట్టిపడిందంటే మార్చెయ్యండి, రబ్బరు ఖర్చు ఎంతో కాదు.

తొమ్మిదడుగులు దాటిన పలకలకి ఒక క్లాంప్‌తో ఊపు ఎక్కువ, ఒక బీమ్‌కి రెండు క్లాంపులు వేలాడదీసి వాడితే నెమ్మదిగా ఉంటది.

వాక్యూమ్ లిఫ్టర్

పెద్ద ఫ్యాక్టరీల్లో పాలిషింగ్ లైన్ దగ్గర చూసే ఉంటారు. లోపల గాలి లాగేస్తే బయటి గాలే పలకని కప్పుకి నొక్కి పెడుద్ది, చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కేజీ చొప్పున. 20 సెంటీమీటర్ల గుండ్రటి కప్పు వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు, గాలి 60 శాతం లాగితే 190 కేజీల దాకా పట్టు వస్తది. అందులో సగాన్నే లెక్కలోకి తీసుకోవాలి, మంచి కంపెనీలు అట్టాగే రాస్తాయి. ఇది పలక పడుకుని ఉన్నప్పటి మాట. నిలబెట్టి లేపితే ఆపేది రబ్బరు రాపిడి ఒక్కటే, తడి ఉంటే అదీ తగ్గుద్ది, అందుకే మెషిన్ ప్లేటు మీద నిలువుకి ఎంత, పడుకోబెడితే ఎంత అని రెండు అంకెలు ఉన్నాయో లేదో చూడండి.

దీని సుఖం దేంతోనూ పోల్చలేం. పలకల మధ్య చెయ్యి పెట్టే పనే లేదు, నిలువు పలకని మెల్లగా పడుకోబెట్టి బ్రిడ్జ్ కట్టర్ (పలకలు కోసే మెషిన్) టేబుల్ మీద పెట్టే రకాలూ ఉన్నాయి, ఆ పడుకోబెట్టే పని మనుషులతో చేయించడమే యార్డులో అన్నిటికంటే ప్రమాదం. రోజుకి 30, 40 పలకలు టేబుల్ ఎక్కించేవాళ్లు దీని గురించి గట్టిగా ఆలోచించాలి.

కానీ మూడు ఉంటేనే కొనండి: కరెంటు పోయినా కాసేపు పట్టుకునే రిజర్వ్ ట్యాంకు, గాలి వెనక్కి రాకుండా వాల్వు, పట్టు తగ్గితే మోగే అలారం. మన ఎండాకాలం కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. సందులున్న రాయి, లెదర్ ఫినిష్, వెనక నెట్ అతికించిన వైపు వీటి మీద పెట్టొద్దు, నెట్ ఊడి పలక కిందుండిపోద్ది. తాండూరు, కడప బండల వ్యాపారం చేసేవాళ్లకి ఈ డబ్బు దండగ.

దేనికి వేలాడదీస్తారు

క్లాంప్ కొన్నారు సరే, పైన ఏముంది? హైడ్రా, అంటే బరువు వేలాడేసుకుని నడిచే చిన్న క్రేన్, అందరికీ దొరుకుద్ది, గంటల లెక్కన కిరాయికి వస్తది, అయితే 12 టన్నుల హైడ్రా అంటే బూమ్ (క్రేన్ చెయ్యి) దగ్గరగా ఉన్నప్పుడే 12 టన్నులు, బూమ్ చాచేకొద్దీ తగ్గుతా పోద్ది. పలక బరువుకి అది సమస్య కాదు, సమస్య ఊపు. గుంతల నేల మీద పలక వేలాడేసుకుని నడిచిందంటే పలక గడియారం లోలకంలా ఊగుద్ది. హైడ్రాని బండి పక్కన నిలబెట్టి వాడండి, పలకతో ఊరేగించొద్దు.

చిన్న యార్డుకి చక్రాల గాంట్రీ (రెండు పక్కలా కాళ్లు, పైన అడ్డ దూలం ఉండేది), దానికి చైన్ పుల్లీ చాలు. చైన్ పుల్లీ కొనేటప్పుడు ఐఎస్ 3832 ముద్ర అడగండి, కొక్కేనికి నాలుక స్ప్రింగ్ పనిచేస్తుందో లేదో చూడండి. సరుగుడు బాదులకీ, రేకుల షెడ్డు పైపులకీ చైన్ పుల్లీ కట్టడం మాత్రం చాలాచోట్ల చూశా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. జేసీబీ బకెట్ పళ్లకి బెల్టు తగిలించడం కూడా అంతే, బకెట్ కొంచెం వాలిస్తే బెల్టు జారి వచ్చేస్తది. 1948 ఫ్యాక్టరీస్ చట్టం 29వ సెక్షన్ నాటి నుంచి ఉన్న మాట, లేపే యంత్రాలూ చైన్లూ తాళ్లూ ఏడాదికి ఒక్కసారైనా అర్హత ఉన్న మనిషితో పరీక్ష చేయించాలి. మీది ఫ్యాక్టరీ కాకపోయినా చేయించండి.

అన్నిటికంటే ముందు కొనాల్సింది

ఇదంతా చదివి మీరు క్లాంప్ కొనడానికి బయల్దేరితే ఒక్క నిమిషం ఆగండి. మీ పలకలు ఇప్పుడు గోడకి ఆనించి ఉన్నాయా? అయితే ముందు ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో ఉండే స్టాండ్ (A-ఫ్రేమ్) చేయించండి, అడుగున చెక్క, వెనక రబ్బరు, నేలకి బోల్టులు, రెండు వైపులా సమానంగా పేర్చేట్టు. ఒక పక్కన ఖాళీ చేసి రెండో పక్కన నిండుగా ఉంచితే స్టాండే తిరగబడుద్ది. ఇంకా మంచిది పలక పలకకీ మధ్య కడ్డీలుండే స్టాండ్, వెనక పలక చూపించడానికి ముందు నాలుగూ మనుషులతో ముందుకి వంచి పట్టుకోవాల్సిన పని తప్పుద్ది. కస్టమర్‌కి డిజైన్ చూపించేటప్పుడు ఆ పని రోజుకి పదిసార్లు చేస్తాం, పైన చెప్పిన 10 డిగ్రీల లెక్క గుర్తు తెచ్చుకోండి. డబ్బులు కొన్నే ఉంటే స్టాండ్ ముందు, తర్వాత కత్తెర క్లాంపూ గాంట్రీ, ఆ తర్వాత మిగతావి. ఇంటికి ఒక్కసారి పలకలు తెప్పించుకునేవాళ్లు ఏమీ కొనక్కర్లేదు, దించే బాధ్యత షాపుదే అని ముందే మాట్లాడుకోండి, హైడ్రా కిరాయి కలిసినా సరే.

బండి మీంచి దించేది వేరే చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక సైట్ దగ్గర డీసీఎం ఆపాం, రోడ్డు ఒక పక్కకి కొంచెం వాలుగా ఉంది, కంటికి తెలిసేంత కూడా కాదు. తాడు విప్పింది నేనే. విప్పగానే పల్లం వైపున్న మూడు పలకలు స్టాండ్ వదిలి మెల్లగా లేచినట్టు లేచాయి, శబ్దం కూడా లేదు, మా బావమరిది బండిలోనే ఉన్నాడు, పలకలకీ బండి డోరుకీ మధ్య. కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఇప్పుడు నడుస్తాడు గానీ కింద కూర్చోలేడు, పండక్కి అందరం నేల మీద బంతి భోజనాలకి కూర్చుంటే ఆయనకి కుర్చీ వేస్తాం.

ఆ తర్వాత మా దగ్గర పద్ధతి మారింది. బండి సాపు నేల మీదే ఆపాలి, వాలు ఉంటే చక్రాల కింద చెక్క పెట్టి లెవెల్ చెయ్యాలి, క్లాంప్ పలకకి తగిలించి గొలుసు బిగిసి బరువు దాని మీదికి వచ్చాకే ఆ పలక కట్టు విప్పాలి, మిగతా పలకల కట్లు అట్టాగే ఉండాలి, తాడు విప్పే టైమ్‌కి బండిలో మనిషి ఉండకూడదు. అన్నీ చూసుకుని ఊ అనేది మా బావమరిదే. ఆయన అనేదాకా ఎంత లేటయినా, డ్రైవర్ ఎంత గొడవ చేసినా ఎవరూ తాడు ముట్టుకోరు.